ఎర్ర సిరా పడ్డ కాగితాలు

మొన్న మగ్గం గుంత పూడ్చి బండలు వేయిస్తుంటే అటక మీది నుంచి కాగితాల కట్ట ఒకటి జారి నా కాళ్ల దగ్గర పడింది. నాకు చదువంటే సంతకం, అంకెలు, బస్సు మీది ఊరి పేరు, అంతే. అయినా ఆ ఎర్ర సిరాను చూడగానే పోల్చుకున్నాను, పనివాళ్లు ఏమనుకుంటారోనని కూడా చూడకుండా ముక్కు చీదుకుంటూ అక్కడే కూలబడ్డాను.

మన తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. మా ఆయన చనిపోయిన ఏడాదే నా బిడ్డ నల్లగొండలో డిగ్రీలో చేరింది. నేతింట్లో పుట్టినవాళ్లకు ఎరుకే, ఆ రోజుల్లో మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సేటు, చీరను వెలుతురుకు పట్టి, పోగు తెగిన చోట, పువ్వు చెదిరిన చోట ఎర్ర సుద్దతో గీత పెట్టేవాడు. నాలుగు గీతలు పడ్డాయంటే ఆ చీర మన మొహానే వాపసు. అలా బతికినదాన్ని, ఒకనాడు టిఫిన్ డబ్బా కోసం బిడ్డ సంచిలో చెయ్యి పెడితే పరీక్ష కాగితాలు చేతికొచ్చాయి, అంచుల నిండా, వెనకవైపు కూడా ఎర్రటి రాతలే. ఇంకేముంది, నా పిల్ల పనికిరాదని తేల్చేశారనుకున్నాను. అది కూడా తల వంచుకుని ఆ కాగితాలను మళ్లీ సంచిలో దోపుకుంది. సేటు గీతలు చూసి పెరిగిందే కదా, ఎర్ర సిరా కనబడితే చాలు, చదవకుండానే మడిచి దాచేదట. రేపటి నుంచి సదువు సాలు, ఆసు కాడ కూసొని నూలు సుట్టు అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను.

కాలేజీ పుస్తకాలు తిరిగి ఇచ్చేద్దామని ఆ కాగితాలు కూడా పట్టుకుని నేనే బస్సెక్కాను. అర్థశాస్త్రం చెప్పే మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇన్ని గీతలు పడ్డంక ఇగ పనికొస్తదా మేడం నా పిల్ల?"

ఆమెకు అర్థం కాలేదు. సేటు సంగతి చెప్పాక పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపి, కాగితాలు విప్పి తను రాసిన ఒక్కొక్క ముక్కా చదివి వినిపించింది. నీకు విషయం తెలుసు, సగంలో ఎందుకు ఆపేస్తున్నావని ఒక చోట. పుస్తకంలో మాటలు వద్దు, మీ ఇంటి మగ్గం సంగతే రాయమని ఇంకో చోట. ఈ ఆలోచన నాకే తట్టలేదని ఆఖరున.

"అందరికీ గిట్లనే రాస్తరా మేడం?"

"అందరికీ రాస్తనమ్మా. గానీ ఒకరికి రాసింది ఇంకొకరికి రాయను. ఎవరు యాడ ఆగుతున్నరో వాళ్లకే చెప్పాలె గద."

ఇంటికొచ్చి చెబితే బిడ్డ దాచిన కాగితాలన్నీ బోర్లించి, నా ఎదుట కూర్చుని పైకి చదువుతూ చదువుతూ మధ్యలో ఏడ్చేసింది.

"అమ్మా, గీ మేడం నన్ను గింత జూసిందా? నేను ఆఖరి బెంచీల కూసుంటనే!"

మర్నాడు మళ్లీ కాలేజీకి పోయింది. ప్రతి జవాబూ తిరగరాసి మేడం బల్ల మీద పెట్టేది. చివరి ఏడాదికి ఎర్ర రాతలు తగ్గిపోతే, మేడంకు తన మీద కోపమొచ్చిందేమో అని దిగులు పడేది. ఇప్పుడు నకిరేకల్‌లో నౌకరీ చేస్తున్నది.

మా తమ్ముని బిడ్డ ఇప్పుడు అదే చదువులో ఉంది. కంప్యూటరే దిద్దుతుందట, పరీక్ష రాసిన సాయంత్రానికే మార్కు ఫోనులోకి వస్తుంది, పూర్వంలా ఎదురుచూపులు లేవు, మంచిదే. ఎందుకు తగ్గిందే అని అడిగితే, "ఎవరికెరుక అత్తా, గంతే పడ్డది" అంటుంది. తెలివి తక్కువ పిల్లేం కాదు. ఎక్కడ ఆగిపోతున్నదో చెప్పే మనిషే లేదు దానికి. పోనీ నేనన్నా చెబుదామంటే, నాకు అక్షరం రాదాయె.