శంకరయ్య కాక చూసిన నా ముఖం

మొన్న కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి గార వదలడానికి కొంచెం వెనిగర్ పోసి మరిగించాను. పుల్లటి ఆవిరి ముక్కుకు తగలగానే, ఏదో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టు గాభరా కలిగింది. ఎందుకో కాసేపటికి గానీ అర్థం కాలేదు. అది హైపో వాసన, ఫోటోలు కడిగే మందు. లాల్‌దర్వాజా గుడి వెనక సందులో, శంకరయ్య కాక ఫోటో స్టూడియోలో, ఎర్ర బల్బు కింద తొట్టిలో ఫోటోలు ఆడిస్తూ నేను పదేళ్లు పీల్చిన వాసన. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. కాక పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆయన్ను దగ్గరగా ఎరిగిన వాళ్లలో నాకు తెలిసి నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు నాలుగేళ్లప్పుడు పొయ్యి మీది గంజి గిన్నె నా మీద ఒలికింది. ఎడమ చెంప, మెడ కాలాయి. పుండు మానింది గానీ, మానుతూ మానుతూ మెడ చర్మం ముడుచుకుపోయి గడ్డాన్ని భుజం వైపు లాగేసింది. తల పూర్తిగా ఎత్తలేకపోయేదాన్ని. ఎవరితో మాట్లాడాలన్నా కింది నుంచి, ఓరగా చూడాల్సి వచ్చేది. బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా బాపు నన్ను మెట్రిక్ దాకా చదివించాడు. ఆ తర్వాత నన్నేం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. బడిలో నా పక్కన కూర్చున్న అమ్మాయిలు ఒక్కొక్కరే పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. నేను కిటికీ తలుపు ఓరగా వేసుకుని, సందులో వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూస్తూ పగలంతా గడిపేదాన్ని. నా తల వాటానికి కాళ్లే కనిపించేవి. చెప్పులను బట్టి మనుషులను గుర్తుపట్టేదాన్ని. వాళ్లలో ఎవరూ ఆగి నన్ను పలకరించేవారు కాదు.

శంకరయ్య కాక మా బాపుకు చిన్ననాటి దోస్తు. అప్పటికి యాభై ఏళ్లుంటాయి. స్టూడియో వెనక గదిలోనే ఒంటరిగా ఉండేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆయన ముఖమంతా గుంతలు పడ్డాయి. ముక్కు కొసను కూడా వదల్లేదు. ఒకరోజు మా ఇంటికి వచ్చి చాయ్ తాగుతూ నా వైపు చూశాడు. మామూలుగా జనం నన్ను చూస్తే చటుక్కున చూపు తిప్పుకునేవాళ్లు, లేదా అయ్యో అని నాలుక చప్పరించేవాళ్లు. ఆయన ఆ రెండూ చేయలేదు. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసుకునే మనిషిలా తీరిగ్గా చూశాడు.

"సూదిల దారం ఎక్కిస్తవా, బిడ్డా?" అని అడిగాడు.

"ఎక్కిస్త, కాకా."

"అయితే రేపటి సంది దుకాణానికి రా. టచింగ్ నేర్పుత. నాకు కండ్లు గుంజుతున్నయి."

టచింగ్ అంటే నెగెటివ్ మీద పెన్సిల్‌తో చేసే పని. ఏటవాలు బల్ల మధ్యలో పాల గాజు, దాని కింద వెలుగును పైకి కొట్టే అద్దం. గాజు మీద నెగెటివ్ పెట్టి, గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్ ములికితో మచ్చలున్న చోట సన్నగా చుక్కలు నింపాలి. నొక్కితే పాడవుతుంది. ఊపిరి బిగబట్టి, ముట్టీముట్టనట్టు నింపితే, కాగితం మీద అచ్చు వేసినప్పుడు ఆ మచ్చ మాయమైపోతుంది. నెల తిరక్కుండా నా చెయ్యి కుదిరింది. పెళ్లి చూపుల ఫోటోలే మాకు ఎక్కువ. ఒక పెద్దాయన షా అలీ బండ నుంచి వచ్చి, కూతురి ఫోటో గురించి గుసగుసగా, "మియా, చేచక్ కే దాగ్ జరా సాఫ్ కర్ దేనా" అన్నాడు, అమ్మవారి మచ్చలు కాస్త తుడిచేయమని. మా వాళ్లయితే, "పిల్ల జర తెల్లగ రావాలె, శంకరయ్యా" అనేవాళ్లు. కాక ఎవరికీ కాదనేవాడు కాదు. నేను ఎన్ని వందల ముఖాలు నున్నగా చేశానో లెక్కలేదు. పని చేస్తున్నంతసేపూ నా తల ఎలాగూ వంగే ఉండేది కాబట్టి, ఆ బల్ల దగ్గర మాత్రం నేను అందరిలాంటి మనిషిని.

రెండేళ్ల తర్వాత ఒక డాక్టరు పాస్‌పోర్టు ఫోటోకు వచ్చాడు. సర్కారు దవాఖానలో కాలిన మచ్చలకు ఆపరేషన్లు చేసే విభాగంలో ఉన్నాడట. ఫోటో దిగి వెళ్లబోతూ నా మెడ చూసి ఆగాడు. ఈ ముడత విప్పవచ్చనీ, తొడ మీది చర్మం తీసి ఇక్కడ అతికిస్తారనీ చెప్పి, తనను కలవాల్సిన రోజు కాగితం మీద రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితంతో మా ఇంట్లో వారం రోజులు లొల్లి. అమ్మ వెంటనే చేయించాలంది, ఇక పెళ్లవుతుందని ఆమె ఆశ. నాయనమ్మ రాసిపెట్టిన రాతను కత్తితో గీకుతారా అంది. బాపు మాత్రం, "ఆపరేషన్ బల్ల మీద ఏమన్న అయితే?" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. ముగ్గురూ నా ముందే మాట్లాడుకునేవారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగింది కాక. "అందరు చెప్పిన్రు. నువ్వేమంటవు?"

నాకు ఏడుపొచ్చింది. "చెంప గూడ సాఫ్ అయితదా, కాకా?" అన్నాను.

"నాకేమెరుక? పా, పొయ్యి అడుగుదాం."

బాపుతో పాటు ఆయనా దవాఖానకు వచ్చాడు. బాపు చేతులు కట్టుకుని నిలబడితే, కాక డాక్టరు ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సార్, నేను పెన్సిల్‌తోటి మచ్చలు తీసేటోణ్ని. నేను తీసినంక ఏం మిగలదు. మీరు తీసినంక ఏం మిగుల్తదో గది చెప్పున్రి."

డాక్టరు నవ్వాడు గానీ, ఓపికగా చెప్పాడు. మెడ విడుస్తుంది, తల లేస్తుంది. అతికించిన చర్మం రంగు కలవదు, అతుకులా కనిపిస్తుంది. తొడ మీద కొత్త మచ్చ పడుతుంది. నెలల తరబడి మెడకు పట్టీ ఉండాలి. చెంప సంగతి వేరు. ఏడాది తర్వాత ఇంకో ఆపరేషన్ చేస్తే కొంత చదును అవుతుంది గానీ, పూర్తిగా పోదు.

కాక నా వైపు తిరిగాడు. "ఇన్నవు గదా. మచ్చ పోదు, జాగ మారుతది. తల మాత్రం లేస్తది. ఇగ నీ ఇష్టం."

నేను చేయించుకుంటానన్నాను. వార్డులో గడిపిన ఆ వారాల గురించి ఎక్కువ రాయలేను. తల కదలకుండా వెనక్కి వంచి కట్టేశారు. కోసిన మెడ కన్నా, తోలు తీసిన తొడ ఎక్కువ మండేది. చుట్టుపక్కల మంచాల వాళ్లకు ఇంటిల్లిపాదీ వచ్చేవారు. కట్టు విప్పిన రోజున అమ్మ ఆ ముదురు రంగు అతుకు చూసి, "గింతేనా?" అని కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు రాలేదు. కాక దుకాణం మూసే రోజున నారింజ పండ్లు తెచ్చి, ఒలిచి, తొనలు నా చేతిలో పెట్టి, గంటసేపు కూర్చునేవాడు. ఒకసారి, "మీద ఏం కనవడుతున్నది?" అన్నాడు.

"ఫ్యాను. రెక్కల మీద మస్తు దుమ్మున్నది, కాకా."

"ఇన్నేండ్లకు నీకు ఫ్యాను మీది దుమ్ము కనవడ్డది. గది మామూలు మాటా?" అన్నాడు. నవ్వితే కుట్లు లాగాయి. అయినా నవ్వాను.

తల లేచింది. మనుషుల కళ్లలోకి తిన్నగా చూడగలిగాను. దాంతో వాళ్లు నా చెంపను చూసి చూపు తిప్పుకోవడం కూడా మొదటిసారి తిన్నగా కనిపించింది. అది నేను అనుకోని సంగతి. ఏడాది గడిచాక అమ్మ సంబంధాలు వెతికింది. నా ఫోటో కావాలంది. కాక ఫోటో తీశాడు గానీ, టచింగ్ చేయనన్నాడు.

అమ్మ స్టూడియోకే వచ్చి నిలదీసింది. "ఊరందరి పిల్లలకు చేస్తవు. నా బిడ్డకు చెయ్యనికి చేతులు రావా, అన్నా?"

"రావు, చెల్లె," అని మాత్రం అన్నాడు.

అమ్మ వెళ్లాక కారణం చెప్పాడు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన తన ఫోటోకు తానే టచింగ్ చేసుకుని సిద్దిపేట సంబంధానికి పంపాడు. ఒక్క గుంత కూడా కనిపించకుండా, తన చేతిపని మీద గర్వంతో. పెళ్లిపీటల మీద గానీ ఆ అమ్మాయి ఆయన్ను చూడలేదు. మూడు నెలలు కాపురం చేసింది. "ఒక్క మాట అనలె, బిడ్డా. తిట్టినా బాగుండు. అన్నం పెట్టేటప్పుడు నా మొహం దిక్కు చూడకపోయేది. మొహం బాగలేదని గాదు. అబద్ధం చెప్పిన్నని." పండుగకు పుట్టింటికి వెళ్లి, మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు ఆమె అన్న వచ్చి ఆ ఫోటో తిరిగి ఇచ్చి వెళ్లాడట.

నాకు జాలి కలగాల్సింది. కోపం వచ్చింది. "మీరు చేసిన తప్పుకు నాకెందుకు శిక్ష?" అన్నాను. ఆయన ముఖం ఎలా అయిందో ఇప్పటికీ గుర్తుంది. లేచి, నా నెగెటివ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెన్సిల్ నా చేతికిచ్చాడు. "నీ మొహం, నీ చెయ్యి. నేను ఆప," అని బయటికి వెళ్లిపోయాడు.

నేను చేసుకున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన టచింగ్ మరొకటి లేదు. అచ్చు వేసి తొట్టిలోంచి తీస్తే, నున్నని చెంపలతో ఒక అమ్మాయి నన్ను చూసింది. చాలా బాగుంది. ఆ ఫోటో చూసి చార్మినార్ అవతలి నుంచి పెళ్లివారు వచ్చారు. అబ్బాయి ఏదో ఫ్యాక్టరీలో ఫిట్టరు, నెమ్మదస్తుడు. నేను చాయ్ పళ్లెంతో గదిలోకి రాగానే వాళ్ల అక్క ఫోటో కోసం తన సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. ఆ అబ్బాయి నన్ను, మా అమ్మను మార్చి మార్చి చూసి, ఏమాత్రం వెటకారం లేకుండా, తెలియకే అడిగాడు: "ఫోటోల ఉన్నది మీ చెల్లెనా?"

నాకు చెల్లెలు లేదు. ఆ మాట నేనే చెప్పాను. వాళ్లు మర్యాదగా చాయ్ తాగి వెళ్లిపోయారు. అమ్మ కప్పులు కడుగుతూ ఉండిపోయింది.

పది రోజులు ఇల్లు కదల్లేదు. తర్వాత స్టూడియోకు వెళ్తే, కాక ఏమీ అడగలేదు. సంగతి బాపు చెప్పే ఉంటాడు. "పదకొండు నెగెటివులున్నయి. కూసో," అన్నాడు. సాయంత్రం దాకా పని చేశాక నేనే అడిగాను. రెండో ఆపరేషన్‌కు డాక్టరు రమ్మంటున్నాడు, వెళ్లనా వద్దా అని. వద్దంటాడనుకున్నాను. ఆయన పెన్సిల్ ములికి అరగదీసి పక్కన పెట్టాడు.

"నా వయసుల గిసుంటివి ఉంటే నేను చేయించుకుందు," అన్నాడు.

నేను నమ్మలేకపోయాను. "మరి ఫోటోకెందుకు వద్దన్నరు?"

"ఫోటో అబద్ధం. ఆపరేషన్ అబద్ధమెట్లయితది? దాని నొప్పి నువ్వు పడితివి. దాంతోని వచ్చిన మొహం నీదే. పొద్దుగాల గడ్డం గీకేటప్పుడు గుంతగుంతకు కత్తి తట్టుకుంటది నాకు. ఒక్కనాడన్న సాఫ్‌గ గీసుకోవాలని ఉండె. ఎవలి కోసమో గాదు, బిడ్డా, నాకే."

ఆ మాటతో నాకు దారి తెలిసిపోయిందని రాస్తే అది మరో టచింగ్ అవుతుంది. నెల రోజులు ఆలోచించాను. మెడకు చేయించుకున్నది నా కోసం. అందులో అనుమానం లేదు. చెంప కోసం మళ్లీ ఆ మంచం ఎక్కితే ఎవరి కోసం ఎక్కుతున్నట్టు? ఎంత వెతికినా నాకు ఆ ఫిట్టరు అబ్బాయి, సంచిలో చెయ్యి ఆగిపోయిన అతని అక్క, కప్పులు కడుగుతున్న అమ్మే కనిపించారు. నేను కనిపించలేదు. వెళ్లనని చెప్పాను. అమ్మ నాతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు.

కాక మాత్రం, "సరే. రేపు మనసు మారితే రేపే పో. దవాఖాన ఏడికి పోదు," అన్నాడు.

నాకు పెళ్లి కాలేదు. చేయించుకుని ఉంటే అయ్యేదేమోనని నా ముప్ఫైల్లో చాలాసార్లు అనుకున్నాను. ఆ అనుమానం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. ఎనభైల్లో కలర్ ఫోటోలు వచ్చి టచింగ్ పని పోయింది. కాక స్టూడియో మూసేసి జహనుమాలో అన్న కొడుకు ఇంటికి చేరాడు. నాకు ఒక బడి ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికింది. ఆదివారాలు వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఆయన రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ చేయించుకొమ్మని నేను ఎంత చెప్పినా, "ఇంకెవలి నెగెటివ్ చూసేదున్నది?" అనేవాడు.

ఒక ఆదివారం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "ఇప్పుడు నాకు అందరి మొహాలు సాఫే, బిడ్డా. నీది గూడ."

నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం అలియాబాద్ మీదుగా నడిచి వస్తుంటే, దారి పొడుగునా అదే మాట మనసులో తిరిగింది. ఈ ఊళ్లో నా ముఖాన్ని ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయనకిక అది కనిపించదు.

ఆ చలికాలంలోనే కాక పోయాడు. ఆ తర్వాత నన్ను జాలిగా చూసినవాళ్లున్నారు, అభిమానంగా చూసినవాళ్లున్నారు. అలా తీరిగ్గా, ఏదీ తీసేయకుండా, ఏదీ కలపకుండా చూసినవాళ్లు లేరు. ఆ పని ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. స్నానం చేసి వచ్చి వెలుగున్న వైపు అద్దం ముందు నిలబడతాను. ఎడమ చెంప, మెడ మీది అతుకు, కొత్తగా వచ్చిన ముడతలు అన్నీ చూస్తాను. కొన్ని రోజులు చూడబుద్ధి కాదు. ఆ రోజుల్లో కూడా చూస్తాను.