ఇరవై చుట్ల పాట

ఆ రోజుల్లో పాట వినాలంటే ముందు చెయ్యి నొప్పెట్టాలి. నేను నెల్లిమర్లలో మావయ్యగారింట్లో ఉండేవాణ్ని. వాళ్లకో కీ తిప్పే గ్రామఫోను ఉండేది. ఓసారి దాని స్ప్రింగు తెగిందట, అప్పట్నుంచి ఇంట్లో ఒకటే శాసనం. "ఇరవై సుట్లే తిప్పు. ఇంకోటి తిప్పేవంటే తెగిపోతాది, సెప్తన్నాను" అనేవాడు మావయ్య. ఇరవై చుట్లకి పాట ముప్పాతికే సాఫీగా నడిచేది. ఆ తర్వాత గొంతు బరువెక్కి, నెమ్మదించి, మూలుగుతూ ముగిసేది. ఇదేమిటని అడిగితే, "అంత దూరం నుంచి పాడుకొస్తన్నాడు, ఆఖర్న అలిసిపోడేటి?" అంది అత్త. నమ్మేశాను. (రేడియోలో పాటలు అలిసిపోవు కదా అంటారేమో, అది కరెంటు బలం అనుకున్నాను. పద్దెనిమిదేళ్లు నాకు, నవ్వకండి.)

విశాఖ ఓడరేవులో పనిచేసే అన్నయ్య ఓసారి అమెరికా దక్షిణాది పాట రికార్డు తెచ్చాడు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, అడుగున గుమ్‌గుమ్‌మంటూ పాటనంతా మోస్తున్న చప్పుడేమిటో తెలుసుకోకపోతే నిద్రపట్టేలా లేదు. పెట్టెకి చెవి ఆనిస్తే ఇంకా బాగా వినిపించేది. అన్నయ్యనడిగితే, బేస్ గిటారట! విజయనగరంలో ఓ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు మానేశాడని తెలిసి పరిగెత్తాను. ఆర్కెస్ట్రా మాస్టారు నా రికార్డు గోలంతా విని, గిటారు చేతికిచ్చి, "నెల్లాళ్లలో ఆ పాట మొత్తం వాయించి సూపించు. వాయించేవా, నువ్వే మావోడివి" అన్నారు. అంతకన్నా నాకు ఈ లోకంలో ఏదీ అక్కర్లేకపోయింది.

వేళ్లు బొబ్బలెక్కాయి. వారంలో మొదలు వచ్చింది, మరో వారంలో నడుమ వచ్చింది. మిగతా రెండు వారాలూ ఆఖరికే పోయాయి. కుడిచేత్తో తీగ మీటుతూ, ఎడంచేత్తో దాని బిరడా వదులు చేస్తూ స్వరాన్ని కిందికి జార్చాలి మరి! ఆ అమెరికా వాడికి ఎన్ని చేతులో అని ఆశ్చర్యపోయేవాణ్ని.

పరీక్ష రోజు ముప్పాతిక పాట దాకా మాస్టారు తలూపుతూనే ఉన్నారు. ఆ తర్వాత నేను నెమ్మదించి, బిరడా తిప్పుతూ మూలగడం మొదలెట్టాను. డ్రమ్ము వాయించేవాడు పుల్లలు గాల్లోనే ఆపేశాడు.

"ఒరే, ఏటైందిరా? ఒంట్లో బాగోనేదా?" అన్నారు మాస్టారు.

"పాటలో అలాగే ఉన్నాదండి. అసలు కష్టం అక్కడే."

మాస్టారు నేను వెంట తెచ్చిన రికార్డు తీసుకుని తన కరెంటు ప్లేయరు మీద పెట్టారు. పాట పరుగు తగ్గకుండా చివరిదాకా వెళ్లి టక్కున ఆగింది. నా గుండె కూడా ఆగినంత పనయింది. ఇరవై చుట్ల సంగతి చెప్పాను. ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, "తప్పు కూడా తప్పునేకుండా నేర్సినావురా! రేపట్నుంచి రా" అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కళ్లు మూసుకుని నలభై చుట్లు తిప్పాను. స్ప్రింగు తెగలేదు. పాట చివరిదాకా హుషారుగా సాగింది. ఎందుకో నాకు నచ్చలేదు. అంత దూరం నుంచి వచ్చినవాడు మా ఇంట్లో కాసేపు కూర్చోకుండానే వెళ్లిపోయినట్టనిపించింది.

మర్నాటి నుంచి మళ్లీ ఇరవయ్యే తిప్పాను. ఇప్పుడు నా ఫోనులో వెయ్యి పాటలున్నాయి, ఒక్కటీ అలిసిపోదు. వాటితో గొంతు కలిపి పాడుతూ, పాట ముగిసే వేళకి నేనే కాస్త నెమ్మదించి, పళ్లు లేని నోటితో మూలుగుతూ ముగిస్తుంటాను.