సేనాధిపతి యాదమ్మ

నిన్న ముత్తంగిలో ఓ గోదాం ముందు వెండిరంగు ప్యాకింగ్ కాగితం కుప్పగా పడి ఎండలో మెరుస్తుంటే బండి ఆపేశాను. మన ఏడో తరగతి వాళ్లారా, ఆ నాటకం గుర్తొచ్చిందా?

అంతరిక్షమంతా తానే ఏలాలనే ఆశతో సొంత సిపాయిలకే గాలి ఆపించే సేనాధిపతి కథ. ఆ సేనాధిపతి మన యాదమ్మ. కాళ్లకు వాళ్ల నాన్నవి, మోకాళ్లు దాటే ఫ్యాక్టరీ బూట్లు, భుజాల మీద సీసా మూతల పతకాలు. నేను సిపాయిని. అమ్మ కిరోసిన్ స్టవ్ మీద మైదా ఉడికించి, అట్టపెట్టెకు అచ్చం ఇలాంటి వెండి కాగితమే అంటించి నాకు హెల్మెట్ చేసింది. ఆ తడి మైదా వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

వార్షికోత్సవం రోజు స్టేజీ మీద యాదమ్మ "గాలి బంద్ చెయ్యుండ్రి!" అని గర్జించింది. నేను కింద పడ్డాను. హెల్మెట్‌కు అద్దంలా పెట్టిన ప్లాస్టిక్ కవరు ముక్కుకు అతుక్కుపోయి నిజంగానే ఊపిరాడలేదు. కాళ్లు కొట్టుకుంటుంటే నటన అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. యాదమ్మ ఒక్కతే కత్తి పారేసి ఉరికొచ్చి హెల్మెట్ చింపేసింది.

"నాటకమంతా ఖరాబ్ చేసినవ్ గదనే!" అని సార్ కోప్పడ్డారు.

"పోతే పోనీ సార్, పిల్ల సచ్చిపోతుండె," అంది నా వీపు నిమురుతూ.

ఆ ఎండాకాలమే వాళ్ల నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. సామాను ఆటోలో వేసుకుని వాళ్లు వెళ్లిపోతుంటే, ఏడుస్తానని నేను బయటికే రాలేదు. ఆటో మలుపు తిరిగేదాకా యాదమ్మ మా గుమ్మం వైపే చూసిందని తర్వాత అమ్మ చెప్పింది.