మీదే మొదటి గుటక, అత్తయ్యా

కొన్నేళ్ళుగా నా గొంతులో ఒక గుటక అడ్డం పడి ఉంది. అది నేను తాగింది కాదు. మా అత్తయ్య తాగింది. నా మాట నమ్మి తాగింది.

హత్య కాదు, దొంగతనం కాదు. చెప్తే మీలో సగంమంది ఇంతోటిదానికేనా ఈ ఏడుపు అంటారు. అనండి. నాకూ ఒక్కోసారి నవ్వొస్తుంది. డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ ఉన్నట్టుండి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకుంటాను, ఆ వెంటనే చేతిలో ఉన్న గ్లాసు ఇంకోసారి కడుగుతాను. పేరు చెప్పను. ఉండేది బాతెల్ అనే ఊళ్ళో అని మాత్రం చెప్తాను. పేరు కూడా చెప్పానంటే, మా ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల సంగతి మీకు తెలీదు, సాయంత్రం లోపల అత్తయ్య ఫోన్ మోగుతుంది.

ముందు అత్తయ్య గురించి చెప్పాలి. మంచి మనిషి. భయపడి అంటున్న మాట కాదిది. వచ్చినప్పుడల్లా ఆరు నెలలుంటుంది, నా వంటకి వంక పెట్టదు, నా నిద్రకి అడ్డురాదు. ఆవిడకి ఉన్న పట్టింపు ఒక్కటే. ఎంగిలి. గ్లాసు ఆవిడ పెదవికి తగలగా ఎవరూ చూడలేదు. రైల్లో అయినా, విమానం ఊగిపోతున్నా, ఎత్తి పోసుకునే తాగుతుంది, చీర మీద ఒక్క చుక్క పడదు. సొంత కొడుకు కొరికిన జామకాయ ముట్టుకోదు. మావయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన గ్లాసు ఆయనది, ఈవిడ గ్లాసు ఈవిడది. పుట్టినరోజు పార్టీలో పిల్లాడు కొవ్వొత్తులు ఊదిన కేక్ తినమంటే, ‘వాడు దాని మీద ఉమ్మాడుగా’ అంటుంది, మెల్లగా, వాళ్ళమ్మకి వినపడకుండా.

ఇంక ఆ రోజు.

కోవిడ్ ఇంకా రాలేదు. మా మేనేజర్‌కి జపాన్ టీ పిచ్చి. టీ కలపడం క్లాసులకెళ్ళి నేర్చుకుంటున్నాడు. టీ నేర్చుకోవడమేంటి అని మీకనిపిస్తే నాకూ అలాగే అనిపించింది, కానీ పైకి ‘వావ్’ అన్నాను. ఎందుకంటే టీమ్‌లో ఎవరిని తీసేస్తారో తెలీక అందరం బిక్కుబిక్కుమంటున్న రోజులవి. నా వీసా ఎక్స్‌టెన్షన్ కూడా అప్పుడే పడింది. ఆయనొకరోజు నా డెస్క్ దగ్గరికొచ్చి, తను నేర్చుకునే చోట చిన్న మ్యూజియం ఉందనీ, శనివారం అక్కడ టీ ఇస్తారనీ, మీ అత్తగారిని కూడా తీసుకురమ్మనీ అన్నాడు. వద్దంటానా? ఆయన విషం తాగడానికి పిలిచినా కేలెండర్‌లో యాక్సెప్ట్ కొట్టేదాన్ని.

మ్యూజియం అంటే పెద్ద బిల్డింగ్ ఏం కాదు. చెట్ల మధ్య పాత ఇల్లు. ముందు రెండు గదుల్లో అద్దాల వెనక గిన్నెలు, వెదురు గరిటెలు, వెదురు కవ్వాలు, ఇనప కెటిల్. వెనక చాపలు పరిచిన గది, అక్కడే టీ. అత్తయ్య కవ్వాన్ని చూసి ముచ్చటపడింది. ఆ పక్కన, ఎప్పుడో పగిలితే బంగారంతో అతికించిన గిన్నె ఉంది. దాన్ని చూసి మాత్రం మొహం మాడ్చుకుంది. “పగిలిన గిన్నె ఇంట్లో ఉంచుకోకూడదని వీళ్ళకెవరూ చెప్పలేదా? పైగా లైటు వేసి మరీ చూపిస్తున్నారు,” అంది. నేను చుట్టూ చూశాను. తెలుగొచ్చినవాళ్ళెవరూ లేరు. బతికిపోయాను.

చాపల గదిలోకి వెళ్ళేముందు బూట్లు విప్పాలి. అత్తయ్య బూటు లేసు ముడి పడిపోయింది. నేను వంగి విప్పబోతుంటే లోపల్నించి మేనేజర్ చెయ్యి ఊపాడు, మొదలవుతోంది రమ్మని. “నువ్వెళ్ళవే, నేనొస్తా,” అంది అత్తయ్య. వెళ్ళిపోయాను. నా తప్పు అక్కడే మొదలైందేమో. వంగిన దాన్ని, ఆ ముడి విప్పి ఇద్దరం కలిసి లోపలికెళ్ళుంటే, ఆవిడ అంతా మొదట్నించీ కళ్ళారా చూసేది, చేతులు జోడించి నాకొద్దు తల్లీ అనేది, కథ అయిపోయేది.

లోపల వరసగా కూర్చున్నాం. మొదట మేనేజర్, తర్వాత రిటైరైన మొగుడూ పెళ్ళాం, ఆఖర్న నేను. నా పక్కన, మోకాళ్ళ నొప్పులని చెప్పినందుకు, అత్తయ్యకి చిన్న స్టూల్ వేశారు. టీ కలిపేది తెల్లజుట్టు జపాన్ పెద్దావిడ. ఆవిడ గరిటె ఎత్తడం, దించడం, గుడ్డ మడవడం, అంతా ఎంత నెమ్మదిగా ఉందంటే నాకు కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. అప్పుడు మేనేజర్ ముందుకి వంగి గుసగుసగా చెప్పాడు. ఈ రోజు చిక్కటి టీ అట. అందరికీ కలిపి ఒకటే గిన్నెట. ఒకళ్ళు తాగి, అంచు తుడిచి, పక్కవాళ్ళకివ్వాలిట. అందరం ఒకటే అని దాని అర్థమట.

నా గుండె జారి చాప మీద పడింది.

లేచి బయటికెళ్ళి అత్తయ్యకి చెప్పొచ్చు కదా? లేవడానికి కాళ్ళు లేవు. అది సాకే అనుకోండి. మరి ఏం చేశాను? దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆ ముడి ఊడకూడదని. డెబ్బయ్యేళ్ళ మనిషి బయట వంగి తంటాలు పడుతుంటే, లోపల కోడలు ఆ ముడి ఇంకా బిగుసుకోవాలని మొక్కుకుంది. ఇది కూడా రాసుకోండి నా ఖాతాలో.

గిన్నె బయల్దేరింది. మేనేజర్ తాగాడు. ఆయనకి మీసాలు. గుబురు మీసాలు. ఆ మీసాల అంచున పచ్చగా అంటుకోవడం నేను చూశాను, ఈ రోజుకీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. ఆయన తుడిచి ఇచ్చాడు. రిటైరైన ఆయన తాగాడు, వాళ్ళావిడ తాగింది. నేను తాగాను. రుబ్బిన గోరింటాకులా ఉంది, రుచి కూడా. అంచు తుడుస్తున్నాను, తలుపు జరిగింది. అత్తయ్య వచ్చి స్టూల్ మీద కూర్చుంది.

ఆవిడ చూసింది ఇంతే: కోడలు తెల్లటి కాయితంతో గిన్నె అంచు శుభ్రంగా తుడుస్తోంది. అందరూ ఈవిడ వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టారు. ఈవిడా పెట్టింది. నా చేతులు గిన్నెని ఆవిడకి అందించాయి. చేతులే అందించాయి అంటున్నాను చూడండి, నాకేం సంబంధం లేనట్టు.

అత్తయ్య గిన్నె తీసుకుని, తల వెనక్కి వంచి, జానెడు ఎత్తున పట్టుకుని వంపింది.

అలవాటు. ఇంకోలా తాగడం తెలీదు. కానీ ఆ టీ మజ్జిగ కాదుగా, జారదు. అంచు దాకా వచ్చి వేలాడుతూ నిలబడింది. అత్తయ్య నోరు తెరుచుకుని కింద ఎదురుచూస్తోంది. ఆ గిన్నె వాళ్ళ గురువుగారి గురువుగారిదని అంతకుముందే చెప్పారు. జపాన్ పెద్దావిడ మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ రెండు చేతులూ చాప మీంచి లేచాయి, పడితే పట్టుకోవడానికి. మేనేజర్ మీసాలు కదలడం ఆగిపోయింది. అత్తయ్య గిన్నెని ఒకసారి విదిలించింది.

“అత్తయ్యా, దించండి. నోరు పెట్టే తాగాలిట,” అన్నాను.

గిన్నె పైనే ఉంచి, కళ్ళు మాత్రం నా వైపు తిప్పి అడిగింది. “ఎవరూ ఎంగిలి చెయ్యలేదుగా?”

“లేదత్తయ్యా. మీదే మొదటి గుటక.”

“నిజంగా?”

“నిజంగా.”

దించింది. నోరు పెట్టింది. తాగింది. నాకు తెలిసి ఆవిడ పెదవి ఇంకొకరి గిన్నెకి తగలడం అదే మొదటిసారి. మీసాల ఆయన, మొగుడూ పెళ్ళాం, నేను, ఇంతమంది తర్వాత.

ఎన్నిసార్లు ఆలోచించానో. ఆ గదిలో ఆడ్డానికి ఎన్ని అబద్ధాలు లేవు. ఆవిడకి ఒంట్లో బాలేదు అనొచ్చు, డాక్టర్ టీ వద్దన్నాడు అనొచ్చు, ఉపవాసం అనొచ్చు, వాళ్ళు అయ్యో అని గిన్నె వెనక్కి తీసుకునేవాళ్ళు, గొడవే లేదు. ఇంగ్లీషులో పరాయివాళ్ళతో ఆడాల్సిన అబద్ధాన్ని తెలుగులో మా అత్తయ్యతో ఆడాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? టీ తాగలేదని ఎవరైనా ఉద్యోగం పీకుతారా? గిన్నె పగులుతుందనా? దించమంటే దించేదిగా. అసలు సంగతి చెప్పనా, సిగ్గు. ఆ నిశ్శబ్దంలో ఆవిడ ‘ఛీ, ఎంగిలి’ అంటుందనీ, ఆయన అదేంటని అడుగుతాడనీ, మీ మీసాల గురించే అని నేను అర్థం చెప్పాల్సొస్తుందనీ. అంతే. అంత చిన్న సిగ్గు కోసం.

పోనీ అంతటితో అయిపోయిందా అంటే, లేదు. ఆవిడకి నచ్చింది.

కార్‌లో ఇంటికొచ్చేదాకా ఒకటే పొగడ్త. ఎంత శుభ్రత, ఎంత మర్యాద, ఇవ్వబోయే ముందు అంచు తుడిచి మరీ ఇచ్చారు, ఎంగిలి పట్టింపు మనకేననుకున్నాను, జపాన్ వాళ్ళకీ ఉందన్నమాట. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. తర్వాత తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో చెప్పింది. గుంటూరులో ఉన్న వాళ్ళ అక్కచెల్లెళ్ళకి వీడియో కాల్‌లో చెప్పింది. చెప్పినప్పుడల్లా చివర్న నా పేరొచ్చేది. “నేను గిన్నె ఎత్తేశాను. ఇంకొకర్తెయితే పోన్లే అని ఊరుకునేది. ఇది మాత్రం, ఫర్వాలేదత్తయ్యా, మీదే మొదటిది అని చెప్పింది. నా కోడలు చెప్తే ఇంక చూసుకోనక్కర్లేదు.”

అప్పట్నించీ బయట ఎక్కడ ఏం పెట్టినా నా మొహంలోకి చూస్తుంది. నేను తలూపితే తింటుంది, ఊపకపోతే పక్కన పెడుతుంది. కన్న కొడుకు ఊపినా లెక్కలోకి రాదు. దాంతో నాకు జబ్బు పట్టుకుంది. బేకరీలో కౌంటర్ వెనక్కి దూరి దీన్ని ఎవరైనా రుచి చూశారా అని అడుగుతాను. పార్టీలో కేక్ ఊదకముందే ఓ మూల కోయించి ఆవిడ ప్లేటులో పెడతాను. ఒకసారి గుళ్ళో ప్రసాదం గరిటె ఎవరో నోటి దగ్గర పెట్టుకున్నట్టు అనుమానమొచ్చి, తల అడ్డంగా ఊపాను, ఆవిడ నోట్లోకి వెళ్ళబోయే పులిహోర ఆగిపోయింది. మా ఆయన నాకు అత్తగారి పిచ్చి అంటాడు. ఆయనకీ చెప్పలేదు.

చెప్తే ఏమవుతుంది? అరవదు. ఆ మనిషికి అరవడం రాదు. లేచి వెళ్ళి తలస్నానం చేసొస్తుంది. వచ్చి మామూలుగానే మాట్లాడుతుంది, నా వంట మామూలుగానే తింటుంది. కానీ మర్నాడు ఎక్కడో ఎవరో ఏదో పెడతారు. ఆవిడ నా మొహంలోకి చూడదు. నాకు కావాల్సింది ఆ చూపు. దొంగ మాటతో సంపాదించుకున్న చూపు, అయినా పోగొట్టుకోలేను.

ఈ వసంతంలో మళ్ళీ వచ్చింది. వచ్చిన వారానికే ఆ టీ ఇచ్చే ఇంటికి నన్ను మళ్ళీ తీసుకెళ్ళవే అంది. ఆ మేనేజర్ ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. జపాన్ పెద్దావిడ ఉంది, ఇంకొంచెం వంగిపోయింది. కూర్చోగానే ఆవిడ ఇంగ్లీషులో అంది, కోవిడ్ తర్వాత ఒకే గిన్నెలో తాగడం మానేశాం, ఇప్పుడు ఎవరి గిన్నె వాళ్ళదే అని. అత్తయ్య నా వైపు తిరిగింది, ఏమంటోందని.

“ఎవరి గిన్నె వాళ్ళకిస్తారట,” అన్నాను. అక్షరం అబద్ధం లేదు.

“అప్పుడూ అంతేగా,” అంది అత్తయ్య.

 ఒక్క మాట చాలు అప్పుడు. కాదత్తయ్యా, అని. నాలుక మీదకి వచ్చింది కూడా. ఈలోగా టీ వచ్చింది.

అత్తయ్య తన గిన్నె బుద్ధిగా నోరు పెట్టుకుని తాగేసింది. నా వల్ల కాలేదు. సగం తాగేసరికి కడుపులో మంట, ఎసిడిటీ. వదిలేస్తే వాళ్ళకి అవమానం. గిన్నె పట్టుకుని మింగలేక, పెట్టలేక కూర్చున్నాను. అత్తయ్య చూసింది. చెయ్యి చాపి నా గిన్నె తీసుకుంది. జపాన్ పెద్దావిడ ఇందాక చూపించినట్టే అరచేతిలో ఒక చుట్టు తిప్పింది. తుడవలేదు.

“అత్తయ్యా, ఎంగిలి,” అన్నాను. నిజంగా భయమేసింది.

“నీది ఎంగిలేంటే,” అంది, మిగిలింది తాగేసింది.

కన్న కొడుకుది తాగలేదు. కట్టుకున్న మొగుడిది తాగలేదు. ఖాళీ గిన్నె చాప మీద పెట్టి పెదాలు తుడుచుకుంటూ, చేదుగానే ఉంది పాపం నీకు, అంది. నేను ఏడ్చాను. జపాన్ పెద్దావిడ టీ అంత బాగుందనుకున్నట్టుంది, నాకు వంగి దణ్ణం పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో చెప్దామనుకున్నాను. మొదటి సిగ్నల్ దగ్గర గొంతు సవరించుకున్నాను. రెండో సిగ్నల్ దాటేసరికి ఆవిడ నిద్రపోయింది. లేపి చెప్పొచ్చు. లేపలేదు. మీరు తిడితే పడతాను, క్షమించమని అడగడం లేదు, క్షమించడానికి ఆ టీ తాగింది మీరు కాదు. ఆ రోజు మొదటి గుటక మీది కాదు అత్తయ్యా. మీకంటే ముందు నలుగురం తాగాం, అందులో నేనూ ఉన్నాను. ఇదీ నేను చెప్పాల్సిన మాట. ఆవిడ పక్కగదిలో సీరియల్ చూస్తోంది, నేనిక్కడ కూర్చుని మీకు చెప్తున్నాను.