చిన్నాయన చూసిన నీటికుక్కలు

ఈ ఎండాకాలం నేను మేడ మీద పిట్టలకు నీళ్ల మూకుడు పెడుతుంటే, సముద్రం దగ్గరి మడ అడవిలో నీటికుక్కలను కనిపెట్టింది మా నానమ్మేనని మనవరాలు పక్కింటివాళ్లకు గొప్పగా చెబుతోంది. మా ఇంట్లో ఆ కథ అలాగే స్థిరపడిపోయింది. అది నిజం కాదు గనుక, చేయి ఆడుతున్నప్పుడే ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను.

ఏడో తరగతితో బడి మానిన నాకు చదువు చెప్పింది తాండూరు గ్రంథాలయం. అనంతగిరి అడవిలో జంతువులను చూడడం నేర్పింది మాత్రం మా చిన్నాయన. వేసవిలో కుంట ఒడ్డున చప్పుడు చేయకుండా కూర్చుంటే దాహానికి అడవంతా మన దగ్గరికే వస్తుందనేవాడు, వచ్చేది కూడా. ఆయనకు ఒక కన్ను పోయి రెండోది మసకబారుతున్న ఏడు, పుస్తకంలో నేను చూపిన నీటికుక్క బొమ్మను ముక్కుకు ఆనించుకుని చూసి, దీన్ని ఒక్కసారి ప్రాణంతో చూడాలన్నాడు. ఆ వేసవిలోనే ఇద్దరం కాకినాడ వైపు మడ అడవికి వెళ్లాం. సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం.

అక్కడ మాట్లాడుకున్న పడవను చిన్నాయన నీళ్లు నిండుగా ఉన్నచోట ఆపించాడు. "ఎండకాలం జంతువు నీళ్లకాడికి రాక యాడికి పోతది బిడ్డా, జర ఓపిక పట్టు" అన్నాడు. పుస్తకం చదివినదాన్ని గనుక నేనూ వంత పాడాను. మధ్యాహ్నం దాకా ఒక కొంగ తప్ప ఏదీ రాలేదు. ఉన్నా తనకే కనబడడం లేదేమోనని ఆయన కన్ను తుడుచుకున్నాడు.

అంతవరకు మర్యాదకు ఊరుకున్న పడవాయన ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఉప్పునీళ్లు ఏ జంతువు తాగుద్దండీ బాబాయిగారూ? నీళ్లు వెనక్కి లాగనివ్వండి. బురదలో చేపలు చిక్కుతాయి, అప్పుడొస్తాయండి."

"గా ముచ్చట పొద్దుగాలనే చెప్పొద్దా అయ్యా?"

"మీరు అడవి గురించి నాకే చెబుతున్నారు, మధ్యలో ఎందుకులే అనుకున్నానండి."

బండి వేళకు కాస్త ముందు నీళ్లు లాగేశాయి. మడ వేళ్ల నడుమ నల్లని బురద తేలింది. చేపను కొరుకుతున్న చప్పుడు ముందు చిన్నాయన చెవికే పడింది. తల్లీ పిల్లా బురదలో జారుతూ ఆడుతున్నాయి. రెండు ఉన్నాయని నేను గుసగుసగా చెప్పాను.

"మూడున్నయి బిడ్డా. యేరు ఎనుక జూడు."

నిజమే, మూడోది ఆ వేరు వెనక నుంచి మమ్మల్నే చూస్తోంది.

తిరిగొచ్చాక పుస్తకం తీస్తే, ఆటుపోట్ల మీద ఒక అధ్యాయమే ఉంది. సముద్రం లేని ఊరికి అదెందుకని నేనే దాటేశాను. ఇప్పుడు మనవరాలి ఫోనులో ఏ జంతువైనా అడగగానే వస్తుంది; ఒకరి పక్కన పూటంతా కూర్చుని ఎదురుచూడాల్సిన పని లేదు. ఆ కూర్చోవడమే నాకు గుర్తొస్తుంటుంది.

గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం సుశీలమ్మగారికి, మేము వెళ్లిన రోజుల్లో మా పిల్లలకు అన్నం పెట్టిన పొరుగింటి ఖైరున్నీసాకు, పడవ నడిపిన సత్తిబాబుగారికి, ఒక్క మసక కంటితో నాకు మూడోదాన్ని చూపించిన మా చిన్నాయన నర్సింలుకు నా దండాలు.