వారానికి రెండుసార్లు చేప

ఆ రోజుల్లో నా దగ్గర ప్రతి జబ్బుకీ ఒక కాగితం ఉండేది. షుగరుకి పసుపుపచ్చది, బీపీకి నీలంది, ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లకి గులాబీరంగుది. విశాఖపట్నంలో డైటీషియన్ చదువు ముగించుకుని, పలాసలో ఒక చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరాను. పాఠ్యపుస్తకంలోంచి నేనే తెలుగులోకి దింపి, కంప్యూటరు సెంటరులో అచ్చు వేయించుకున్న కాగితాలవి. మనిషి రాగానే జబ్బు అడగడం, రంగు చూసి కాగితం తియ్యడం, గట్టిగా చదివి వినిపించడం. ఇంతే వైద్యం. ఆ మనిషి ఏ ఊరు, ఇంట్లో పొయ్యి మీద ఏముంటుంది అన్నది నాకు అనవసరం అనిపించేది.

అలా నా చేతికి చిక్కిన మొదటి మనిషి పూండి పెద్దమ్మ. పూండి దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరామెది. తెల్లారి పడవలు రాగానే ఒడ్డునే చేపలు కొని, తట్టతో పలాస తెచ్చి అమ్ముకునేది. రెండు కళ్లలోనూ శుక్లాలు. షుగరు దిగితేనే ఆపరేషన్ అని కంటి డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. "మొప్ప ఎర్రగుందో నల్లగుందో తెలట్నేదమ్మా. నిన్న కుళ్లిపోయిన సేపలు అంటగట్టీసినారు. కళ్లు నేకపోతే నానేటి సేత్తాను సెప్పు?" అంది. (కిడ్నీ పరీక్షలు బాగానే ఉన్నాయి. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం వైపు మనిషి వస్తే మేం ముందు చూసేది అవే.) నేను పసుపుపచ్చ కాగితం తీసి, పక్కన నిలబడ్డ కోడలికి వినిపించేలా, తీర్పు చెబుతున్నంత గంభీరంగా చదివాను. పంచదార బంద్. అన్నం మితంగా. చేపలు వారానికి రెండుసార్లు. కోడలు పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల. కాగితాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని పట్టుకెళ్లింది.

పదిహేను రోజుల తర్వాత వస్తే షుగరు తగ్గకపోగా ఇంకా పెరిగింది. డాక్టరుగారు ఆపరేషన్ వాయిదా వేసి, నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పెద్దమ్మా, నిజం చెప్పండి. చాటుగా ఏం తింటున్నారు?" అనేశాను. ఆమె మొహం ఎర్రబడింది. "గంగమ్మ తల్లి మీద ఒట్టు! నువ్వు సెప్పిందే తింతన్నాను. నమ్మకపోతే వొచ్చి సూసుకో!" అని లేచిపోయింది.

ఆదివారం నాడు నిజంగానే వెళ్లాను. ఆటో దిగేసరికి గాలి నిండా ఎండు చేపల వాసన. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా నాన్నగారు టెక్కలిలో అర్చకులు. చేప అనేది నేను పుస్తకంలో ప్రోటీన్ల పట్టికలో తప్ప మరెక్కడా దగ్గరగా చూసిందాన్ని కాను. ముక్కు మూసుకుంటే మర్యాద కాదని నోటితో గాలి పీలుస్తూ గుమ్మంలోకి అడుగుపెట్టాను. గోడ మీద దేవుడి పటం పక్కనే నా పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. కోడలు అందరికీ భోజనాలు వడ్డిస్తోంది. మగవాళ్ల కంచాల్లో కానాగంత చేపల పులుసు, పిల్లల కంచాల్లో వేపుడు. పెద్దమ్మ కంచంలో మాత్రం గుట్టలా అన్నం, బంగాళాదుంపల కూర, ఆ పక్కన పిడికెడంత బెల్లం ముక్క.

"చేపలు వేసుకోలేదేం?" అన్నాను.

"ఇయ్యాల ఎలాగేస్తాను మేడమ్? బుధవారం, శుక్రవారం అయిపోనాయి కదా. వారానికి రెండు సార్లే అన్నారు," అంది కోడలు, ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదన్న గర్వంతో.

పెద్దమ్మ కంచం ముందు నుంచే మాట అందుకుంది. "మా ఇంట్లో పిల్లికీ సేపే. నాకే నేదు. పుట్టి బుద్ధెరిగాక రోజూ తిన్నదాన్ని, వుత్త కూడు నోట్లోకెలాగ దిగుతాది? అందుకే బెల్లం నంచుకుంతన్నాను. పంచదారొద్దన్నావు గానీ బెల్లం మాట ఎత్తనేదు కదేటి!"

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడర్థమైంది. పుస్తకం రాసినవాళ్లు ఎప్పుడో గానీ చేప తినని జనానికి, కనీసం రెండుసార్లైనా తినండర్రా అని చెప్పారు. ఆ 'కనీసం' నాకు అనవసరం అనిపించి, తెలుగులోకి దింపేటప్పుడు వదిలేశాను. అన్నం 'మితంగా' అంటే ఎంతో కూడా చెప్పలేదు. చేప తినడమే తెలియని ఇంట్లో పుట్టిన నేను, రోజూ తినేవాళ్ల కంచంలోంచి చేప తీసేసి, ఆ ఖాళీలో అన్నం, దుంప, బెల్లం పోయించాను. ఆవిడ నా మాట తు.చ. తప్పకుండా వినడం వల్లే షుగరు పెరిగింది.

"తప్పు నాది పెద్దమ్మా," అని గోడ మీది కాగితం నా చేత్తోనే పీకేశాను. కోడలు కంగారు పడింది. అక్కడే కూర్చుని, ఆ ఇంట్లో ఉన్న గిన్నెతోనే అన్నం కొలిచాను. రోజూ చేప, పులుసుగానో నిప్పుల మీద కాల్చిందో. బెల్లం ఇంట్లోనే ఉండకూడదు. (ఆ సాయంత్రం టెక్కలిలో ఇంటికి చేరితే, మా అమ్మ చేపల వాసన పసిగట్టి నన్ను వీధి గుమ్మంలోనే ఆపి, "స్నానం చేసి గానీ లోపలికి రాకు. తర్వాత ఎంతైనా చెబుదువుగాని," అంది.) తర్వాత నెలన్నర పాటు ఆమె రక్తపరీక్ష కాగితం వచ్చే రోజు నాకు అన్నం సయించేది కాదు. షుగరు దిగింది. నెమ్మదిగా, మొండికేస్తూ, చివరికి డాక్టరుగారు అడిగిన చోటికి దిగింది.

రెండో కన్ను కూడా అయిపోయాక, నల్ల కళ్లజోడు పెట్టుకుని నా గదికి వచ్చింది. జోడు తీసి, నన్ను ఎగాదిగా చూసింది. చాలాసేపు చూసింది.

"ఏటి, నువ్వేనా ఆ మేడమ్మువి?"

"నేనే పెద్దమ్మా."

"ఓలమ్మా! గొంతు ఇని పెద్ద ముత్తయిదువేమో అనుకున్నాను. మా మనవరాలి ఈడు గుంటవి! నీ మాటకేనా పదేను దినాలు సేపలు మానీసినాను?" అని కోడలి వైపు తిరిగి, "ముందే సూసుంటే ఆ కాయితం పొయ్యిలో ఎట్టీసుందును," అంది. గదిలో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నా మణికట్టు పట్టుకుని చూసి, "ఎండు నెత్తల్లి సేపలాగున్నావు. ముందు నువ్వు తిను, ఆనక ఊరికి సెప్దువు గాని," అని మందలించి వెళ్లిపోయింది.

ఇప్పుడు నన్ను చూసి ఎవరూ అలా అనరు. ఒళ్లు వచ్చింది, గొంతు తగ్గింది. ఎవరు సలహా అడిగినా "మీ ఇంట్లో ఏం వండుతారు?" అనే మొదలుపెడతాను. రంగురంగుల కాగితాలతో ఊరందరి కంచాలూ సరిదిద్దిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అయితే మా మూడేళ్ల పాప రెండు ముద్దలకే గిన్నె పక్కకు నెట్టేసి నిద్రపోయిన ఇలాంటి రాత్రి, పాప బరువు గురించి మథనపడుతూ కూర్చున్నప్పుడు మాత్రం, ఆ కాగితాల పిల్ల ధీమాలోంచి ఒక్క చెంచాడు నాకు అప్పుగా దొరికితే బాగుండుననిపిస్తుంది.