ఆ రోజు చిగుళ్ల రక్తం రాలేదు

మా ఆవిడ నోట్లో ఇప్పుడు ఒక్క పన్ను లేదు. వయసు మీద పడితే అందరికీ ఊడేవేగా అంటారు. కానీ ఆవిడ పళ్ళన్నీ పోయేనాటికి ఆవిడకి నలభై రెండేళ్లు. కట్టుడు పళ్ళు పెట్టించాను. కింద ఎముక అరిగిపోయింది కాబట్టి అవి నిలబడవు, మాట్లాడుతుంటే కదులుతాయి. నలుగురిలో ఉన్నప్పుడు పెట్టుకుని, ఇంటికి రాగానే తీసి గ్లాసులో వేసి, మెత్తగా కలిపిన అన్నం తింటుంది. పళ్ళు వాటంతట అవే పోయాయని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉండేది. నా తెలివితేటల వల్ల పోయాయి.

అప్పుడు బచేలిలో ఉండేవాళ్లం, హిందీ మాట్లాడే గనుల ఊరు. నేను కొండ మీద ఇనుప గనిలో, ఖనిజం మోసే బెల్టుల దగ్గర మెకానిక్‌ని. విజయనగరం వైపు నుంచి వెళ్ళినవాళ్లం, ఆవిడకి హిందీ కూడా సరిగా రాదు. మాట్లాడే తోడు దొరికింది పక్క క్వార్టరావిడ దగ్గర. ఆమెది సరిహద్దులో కోంట వైపు పల్లె, మాట తెలుగే. ఆ కాలనీ ఆడవాళ్లు పొద్దున్నే వెనకవైపు మెట్ల మీద కూచుని చూపుడు వేలితో గుడాకు రాసుకునేవారు. పొగాకూ బెల్లం మడ్డీ కలిపి చేసే నల్లటి ముద్ద అది, చిన్న డబ్బాల్లో అమ్ముతారు. పేరుకి పళ్ళు తోముకోవడం, నిజానికి అరగంట కబుర్లు. ఆ అరగంట లేకపోతే మా ఆవిడ మొదటి ఏడాదే పుట్టింటికి పారిపోయేది.

చిగుళ్ల నుంచి రక్తం రావడం మొదలైంది ఆ రోజుల్లోనే. పక్కింటావిడ ధైర్యం చెప్పింది.

"ఏంది వదినా, గింత దానికే భయపడతవా? ఇంకొంచెం గట్టిగ రాయి, రక్తం బందయితది."

నిజంగానే బందయింది. నొప్పి కూడా తగ్గింది. ఇక మేం దాన్ని అలవాటు అనుకోలేదు, మందు అనుకున్నాం. డబ్బా అయిపోతే ఆవిడ అడగక్కర్లేదు, డ్యూటీ దిగి వస్తూ నేనే బజార్లో కొని తెచ్చేవాణ్ణి. అదో గొప్ప మొగుడి పనిలా.

ఒక పూట రాసుకోకపోతే మాత్రం దిండు మీద ఎర్రటి మరక ఉండేది. నోటి వాసన వస్తోందని ఆవిడ పక్కకి తిరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి వెళ్దామంటే ఒప్పుకునేది కాదు. చిగుళ్లు కోసి కుట్లు వేస్తారని ఎవరో చెప్పారు, ఆ కత్తి భయం ఆవిడ బుర్రలోంచి పోలేదు. అలాంటప్పుడు మా షిఫ్టులో ఒకాయన విశాఖలో తన బావమరిదికి చేయించిన లేజరు గురించి చెప్పాడు. కత్తి లేదట, కుట్లు లేవట, సన్నటి వెలుగు చిగుళ్ల లోపలికి పంపి చెడిన భాగాన్ని తీసేస్తారట, మర్నాడే అన్నం తిన్నాడట. ఇంటికొచ్చి చెప్తే ఆవిడ చేస్తున్న పని ఆపేసి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది. తర్వాత తనే అడిగింది, వెళ్దామా అని. ఆ మొహంలో ఆశ నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కనిపించకపోతే బావుండును.

లేజరు మాత్రం మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. జగదల్‌పూర్‌లో కూడా లేదన్నారు. విశాఖ పోవాలంటే మా కంపెనీ ఆస్పత్రి పళ్ళ డాక్టరు చూసి, ఇది ఇక్కడ కుదిరే జబ్బు కాదని కాగితం రాయాలి. ఆ కాగితం ఉంటే సెలవూ ఖర్చూ కంపెనీవే. లేకపోతే మాలాంటివాళ్లకి అది జరిగే పని కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది. నోట్లో చెయ్యి పెట్టగానే డాక్టరు చేతికి రక్తం అంటితే ఏం బావుంటుందని బాధపడింది. ఆస్పత్రి బెంచీల మీద ఆఫీసర్ల భార్యలు కూడా కూచుంటారు. ఏముంది అందులో, ఇంకాసేపు ఎక్కువ రాసుకుని నోరు శుభ్రంగా కడుక్కో, రక్తం రాదు అన్నాను. అవును, నేనే అన్నాను. జబ్బు చూపించుకోవడానికి బయల్దేరుతూ జబ్బుని కప్పెట్టమని చెప్పిన మనిషిని నేను. ఆవిడ దాదాపు గంటసేపు రాసుకుంది.

డాక్టరు ఉత్తరాదివాడు, మర్యాదస్తుడు. బయట చాలామంది ఉన్నా ఆవిడ నోరు ఓపిగ్గా చూశాడు. అక్కడక్కడ సన్నటి కడ్డీతో తాకాడు. రక్తం చుక్క రాలేదు. తంబాకూ గానీ గుడాకు గానీ వాడతావా అని హిందీలో అడిగాడు. ఆవిడకి అర్థమైంది, నా వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది, బయట బెంచీ మీద మా ఇంజనీరుగారి భార్య కూచుని ఉంది. గుడాకు కూలీల అలవాటని వాళ్లంతా నవ్వుకునేవారు. నేను గబుక్కున లేదు సార్ అనేశాను. ఆయన తలాడించి, గార పట్టింది, క్లీనింగ్ చేయిస్తే చాలు, ఆరు నెలల తర్వాత మళ్ళీ రండి అని రాశాడు. విశాఖ కాగితం రాయలేదు.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, మేం సంతోషించాం. లేజరు దాకా పోయే జబ్బే కాదట అని ఇంటికొచ్చి పక్కింటావిడకి చెప్పుకున్నాం. గుడాకే నయం చేసిందని అందరం తేల్చేశాం. ఆరు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

రెండేళ్లకి కింది పళ్ళు వేలితో తోస్తే ఊగే స్థితికి వచ్చాయి. రొట్టె తుంచి పాలలో నానబెట్టుకుని తినేది. ఈసారి ఆస్పత్రిలో కొత్తగా ఒక లేడీ డాక్టరు ఉంది. పెదవి ఎత్తి చూసి, వాడతావా అని కూడా అడక్కుండా, గుడాకు ఎన్నేళ్లుగా అంది. ఎక్స్‌రే తీయించి ఆ పూటే విశాఖకి రాసిచ్చింది.

కాగితం చేతికొచ్చాక రైలు లేదు. ఎక్కడో అడవిలో నక్సలైట్లు పట్టాలు పీకేశారని పాసింజరు ఆపేశారు. బాగుచేశాక ఖనిజం బళ్ళు ముందు కదిలాయి. రోజూ మా క్వార్టరు వెనక నుంచే విశాఖ పోయేవి. మనుషుల బండి వచ్చేసరికి నా సెలవు అయిపోయింది. మళ్ళీ సెలవు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ముందరి పన్ను ఒకటి అన్నంలో ఊడి వచ్చింది. ఆవిడ దాన్ని కడిగి కొంగున కట్టుకుంది, డాక్టరు చూస్తాడేమోనని.

విశాఖ డాక్టరు కుర్రాడే, మాట నెమ్మది. లేజరు మిషను కుర్చీ పక్కనే ఉంది, పాత రేడియో అంత. ఆవిడ కూచోగానే దాన్నే చూసింది. ఆయన ఎక్స్‌రే వెలుతురికి పెట్టి చూసి, తన స్టూలు ఆవిడ వైపు జరుపుకున్నాడు.

"అమ్మా, లేజరు చిగుళ్ల లోపల శుభ్రం చేస్తుంది. పోయిన ఎముకని అది తీసుకురాలేదు. ఈ పళ్ళకి ఆధారం లేదు, తీసేయాల్సిందే."

రెండేళ్ల కింద వచ్చి ఉంటేనో అని ఆవిడ అడిగింది. అప్పుడైతే, గుడాకు మానేసి ఉంటే, చాలా పళ్ళు నిలిచేవన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇంత జబ్బు అప్పట్లో మీ డాక్టరు ఎలా కనిపెట్టలేదు అన్నాడు. అక్కడి డాక్టర్లంతా అంతేనండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"ఆయన తప్పేం లేదు బాబూ. ఆయన అడిగారు. నేనే లేదని అబద్ధం చెప్పాను," అంది ఆవిడ.

ఆ డాక్టరుకి కోపం వచ్చింది. డాక్టరు దగ్గర దాస్తే నష్టం ఎవరికమ్మా అని, ఆ అలవాటు రక్తం ఆపుతుంది గానీ జబ్బుని ఆపదని, కొంచెం గట్టిగానే మందలించాడు. ఆవిడ తల వంచుకుని అంతా విన్నది. లేదు అన్న మాట నాది. అది చెప్పడానికి ఆ గదిలో నాకు బోలెడంత వ్యవధి ఉంది. నేను ఒళ్లో ఫైలు పెట్టుకుని కాగితాలు సర్దుకుంటూ కూచున్నాను.